పసిబిడ్డకు బి.సి.జి. టీకా: రక్షణ ఎంత, పరిమితి ఎంత?

మన దేశంలో గత కొన్ని దశాబ్దాలలో జన్మించిన వారిలో చాలామందికి ఎడమ భుజంపై ఒక చిన్న మచ్చ కనిపిస్తుంది. అది పుట్టిన కొద్ది రోజులలో వేసిన బి.సి.జి. టీకా గుర్తు. ఈ టీకా క్షయవ్యాధి నుండి కాపాడుతుందని అందరూ ఎరుగుదురు. అయితే ఎవరిని, ఏ రకపు క్షయ నుండి, ఎంతవరకు కాపాడుతుందని ప్రశ్నిస్తే సమాధానం చెప్పగలవారు తక్కువ. టీకా పడింది కనుక ఇక జీవితాంతం భయం లేదని కొందరి నమ్మకం. టీకా వేసినా క్షయ తగ్గలేదు కనుక అది వ్యర్థమని మరికొందరి వాదం. ఈ రెండు అభిప్రాయాలూ సరికావు. వీటిలో ఏది నమ్మినా నష్టపోయేది పసిబిడ్డయే. కనుక ఈ విషయాన్ని శాస్త్రీయంగా తెలుసుకోవడం అవసరం.

టీకా పుట్టుక

1882 మార్చి 24న బెర్లిన్ నగరంలో రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించాడు. ఆ తరువాత ఫ్రాన్సులోని లీల్ నగరంలో గల పాశ్చర్ సంస్థలో ఆల్బర్ట్ కాల్మెట్, కామిల్ గెరాన్ అనే శాస్త్రజ్ఞులు 1908లో ఒక సుదీర్ఘ ప్రయోగానికి పూనుకున్నారు. పశువులకు క్షయ కలిగించే సూక్ష్మజీవిని పిత్తరసం, గ్లిజరిన్, బంగాళాదుంప కలిపిన పోషక పదార్థంపై పెంచుతూ, సుమారు మూడు వారాలకొకసారి కొత్త పోషకంపైకి మార్చుతూ వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కూడా ఈ కృషి ఆగలేదు. పదమూడు సంవత్సరాలలో 230 సార్లు ఇలా మార్చిన పిదప ఆ జీవికి వ్యాధిని కలిగించే శక్తి నశించింది. శరీరాన్ని మేల్కొలిపే గుణం మాత్రం మిగిలింది. ఆ ఇద్దరి పేర్లు కలిపి దానికి బాసిలస్ కాల్మెట్-గెరాన్, అనగా బి.సి.జి. అని పేరు పెట్టారు. 1921లో పారిస్ నగరంలో మొదటిసారిగా ఒక శిశువుకు దీనిని నోటిద్వారా ఇచ్చారు.

1930లో జర్మనీలోని లూబెక్ నగరంలో ఘోర ప్రమాదం సంభవించింది. టీకా పొందిన సుమారు 250 మంది శిశువులలో డెబ్బై మందికి పైగా మరణించారు. అక్కడి ప్రయోగశాలలో టీకాలో అసలైన క్షయజీవులు కలిసిపోవడమే ఇందుకు కారణమని విచారణలో తేలింది. దోషం టీకాది కాదు, తయారీలో జరిగిన అజాగ్రత్తది. టీకాల తయారీకి కఠినమైన ప్రమాణాలు ఎందుకు అవసరమో ఆ విషాదం ప్రపంచానికి నేర్పింది.

పసిబిడ్డకే ప్రమాదం ఎందుకు ఎక్కువ?

క్షయ సాధారణంగా గాలి ద్వారా వ్యాపిస్తుంది. ఊపిరితిత్తుల క్షయ గల పెద్దవారు దగ్గినప్పుడు వెలువడే అతి సూక్ష్మమైన తుంపరలలో క్షయజీవులు ఉంటాయి. వాటిని పీల్చినవారి ఊపిరితిత్తులలోకి ఆ జీవులు చేరుతాయి. అక్కడ మహాభక్షక కణాలు వాటిని మింగివేస్తాయి. ఇతర సూక్ష్మజీవులైతే ఆ కణంలోనే జీర్ణమైపోయేవి. క్షయజీవి అలా కాదు. కణంలోని జీర్ణరసాలు తన దరికి చేరకుండా అడ్డుకొని, తనను మింగిన కణంలోనే నివాసం ఏర్పరచుకుంటుంది.

ఆరోగ్యవంతుడైన పెద్దవాని శరీరం అటువంటి కణాల చుట్టూ ఇతర రక్షక కణాలను చేర్చి కోటగోడవలె ఒక కణసమూహాన్ని నిర్మిస్తుంది. దీనినే గ్రాన్యులోమా అంటారు. క్షయజీవులు అందులో ఏళ్ల తరబడి బందీలుగా ఉంటాయి. అందువల్లనే క్షయజీవి సోకిన పెద్దలలో అత్యధికులకు వ్యాధి రాదు. పసిబిడ్డ శరీరానికి ఈ గోడను గట్టిగా కట్టే శక్తి ఇంకా అలవడదు. క్షయజీవులు రక్తంలో కలిసి దేహమంతటా వ్యాపిస్తాయి. మెదడు పొరలకు చేరితే మెదడు పొరల క్షయ, అనేక అవయవాలలో కొర్రగింజలంతటి గడ్డలుగా ఏర్పడితే మిలియరీ క్షయ సంభవిస్తాయి. మెదడు పొరల క్షయను ఆలస్యంగా గుర్తిస్తే మరణమో, బ్రతికినా చూపు, వినికిడి, బుద్ధివికాసం దెబ్బతినడమో జరుగుతుంది.

రక్షణ ఎలా కలుగుతుంది?

అనేక వ్యాధులలో రక్తంలోని ప్రతిరక్షకాలు సూక్ష్మజీవులను ఎదుర్కొంటాయి. కణంలో దాగిన క్షయజీవి వీటికి సులభంగా చిక్కదు. దానిని అణచవలసినవి ముఖ్యంగా టి-కణాలు. బి.సి.జి. చర్మంలోకి ప్రవేశించగానే అక్కడి కణాలు దాని అంశాలను సమీపంలోని శోషరస గ్రంథులకు చేరవేస్తాయి. ఆ గ్రంథులలో టి-కణాలు శత్రువును గుర్తించడం నేర్చుకొని వృద్ధి చెందుతాయి. తరువాత నిజమైన క్షయజీవి ప్రవేశించినప్పుడు ఇవి ఇంటర్‌ఫెరాన్-గామా అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. దాని ప్రేరణతో మహాభక్షక కణం బలం పుంజుకొని, తనలోని క్షయజీవిని చంపగలుగుతుంది. పుట్టుకతోనే ఈ ఇంటర్‌ఫెరాన్ మార్గంలో లోపం గల అరుదైన శిశువులకు బలహీనమైన బి.సి.జి. సైతం వ్యాధిగా పరిణమించడం ఈ మార్గం ఎంత ముఖ్యమో నిరూపిస్తున్నది.

మన దేశంలో బి.సి.జి.

మన దేశంలో ఈ టీకా చరిత్రకు తెలుగునేలతో సంబంధం ఉంది. 1948లో ప్రయోగాత్మకంగా టీకా కార్యక్రమం చేపట్టిన ప్రదేశాలలో అప్పుడు చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లె ఒకటి. సమీపంలోని ఆరోగ్యవరం క్షయ ఆరోగ్యశాల అప్పటికే దేశంలో పేరుపొందింది. అదే సంవత్సరం మద్రాసు గిండీలో టీకా తయారీకి ప్రయోగశాల నెలకొల్పారు. 1951లో దేశవ్యాప్తంగా టీకా ఉద్యమం ప్రారంభమైంది. దీనికి విమర్శలు లేకపోలేదు. 1955లో చక్రవర్తి రాజగోపాలాచారి ఈ ఉద్యమాన్ని బహిరంగంగా వ్యతిరేకించారు. 1978లో విస్తృత టీకా కార్యక్రమం, 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమం ప్రారంభమైన తరువాత శిశువులకు ఈ టీకా ఉచితంగా అందుతున్నది.

చెంగల్పట్టు నేర్పిన పాఠం

బ్రిటన్‌లో 1950లో ప్రారంభమైన పరిశోధనలో కౌమార వయస్కులకు ఈ టీకా నాలుగింట మూడు వంతులకు పైగా రక్షణ కల్పించింది. మన పరిస్థితులలో ఫలితం ఎట్లుంటుందో తెలుసుకొనడానికి 1968లో తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లాలో ఒక బృహత్ పరిశోధన చేపట్టారు. సుమారు 2 లక్షల 60 వేల మంది ఇందులో పాల్గొన్నారు. కొందరికి టీకా, కొందరికి మందు లేని ద్రవం ఇచ్చి, ఏళ్ల తరబడి పరిశీలించారు. పెద్దలలో వచ్చే ఊపిరితిత్తుల క్షయను టీకా నివారించలేదని 1979లో వెలువడిన తొలి ఫలితాలు తెలిపాయి. పదిహేనేళ్ల పరిశీలన తరువాత కూడా నిర్ణయం మారలేదు.

ఇందుకు శాస్త్రజ్ఞులు చెప్పిన కారణాలలో ముఖ్యమైనది పరిసరాల ప్రభావం. ఉష్ణప్రాంతాల మట్టిలో, నీటిలో క్షయజీవికి జ్ఞాతులైన ఇతర జీవులు విస్తారంగా ఉంటాయి. వాటితో చిన్ననాటి నుండి పరిచయమైన శరీరంపై టీకా అదనంగా చూపగల ప్రభావం స్వల్పమై ఉండవచ్చునని వారి భావన.

అట్లయితే టీకాను మానివేయవలసినదేనా? ఇక్కడ మన పరిశోధకులు వివేకంతో ఆలోచించారు. చెంగల్పట్టులో నెలలోపు శిశువులను చేర్చుకొనలేదు. పసిబిడ్డలలో మెదడు పొరల క్షయను టీకా నివారిస్తుందా అనే ప్రశ్నకు సమాధానం ఇచ్చేందుకు ఆ పరిశోధనను రూపొందించలేదు. ఒక ప్రశ్నకు లభించిన సమాధానాన్ని వేరొక ప్రశ్నకు అంటగట్టరాదు. ఇతర పరిశోధనలను కలిపి పరిశీలించినప్పుడు, శిశువులలో మెదడు పొరల క్షయ, మిలియరీ క్షయల నుండి బి.సి.జి. సుమారు 70 శాతానికి పైగా రక్షణ కల్పిస్తున్నట్లు తేలింది. కనుకనే పెద్దలకు సామూహికంగా టీకా వేయడం కంటె పుట్టిన వెంటనే బిడ్డకు వేయడం మన విధానమైంది.

టీకా వేసే పద్ధతి

బి.సి.జి.ని ఎడమ భుజంపై చర్మం పొరలలోకే ఇస్తారు. నెలలోపు శిశువుకు 0.05 మిల్లీలీటరు, ఆపై వయసు బిడ్డకు 0.1 మిల్లీలీటరు మోతాదు. పుట్టిన వెంటనే వీలు కాకుంటే ఏడాది నిండేలోగా వేయించవచ్చు. పొడిరూపంలోని టీకాను లవణ ద్రావణంలో కలిపిన తరువాత నాలుగు గంటలలోగా వాడాలి, మిగిలినదానిని పారవేయాలి. ఎండ, వేడి తగిలితే టీకాలోని జీవులు నశిస్తాయి. రెండు మూడు వారాలకు చిన్న పొక్కు లేచి, తరువాత పుండుగా మారి, కొన్ని వారాలకు మచ్చ మిగిల్చి మానుతుంది. ఇది సహజం, దానిపై పసుపు, ఆకుపసరు వంటివి పూయనక్కరలేదు. మచ్చ పడనంత మాత్రాన టీకా విఫలమైనదని భావించి మళ్లీ వేయించవలసిన పని లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. ఎయిడ్స్ కారక వైరస్ సోకిన శిశువుల విషయంలో మాత్రం వైద్యుని సలహా తప్పనిసరి.

టీకా ఒక్కటే చాలదు

చిన్నపిల్లల క్షయలో సూక్ష్మజీవులు తక్కువ. వారి నుండి ఇతరులకు సోకడం అరుదు. కనుక శిశువులకు వేసే టీకా బిడ్డను కాపాడుతుందే గాని, సమాజంలో వ్యాధి వ్యాప్తి గొలుసును తెంచలేదు. ఆ గొలుసు తెగాలంటే దగ్గే పెద్దవారిని త్వరగా గుర్తించి, పూర్తికాలం మందులు వాడించాలి. ఇంట్లో ఎవరికైనా క్షయ ఉన్నట్లు తేలితే అయిదేళ్లలోపు పిల్లలను వెంటనే పరీక్ష చేయించాలి. వ్యాధి లేదని నిర్ధారించిన తరువాత వారికి నివారణ మందులు ఇస్తారు. బిడ్డకు టీకా పడినదనే ధైర్యంతో ఈ పరీక్షను విస్మరించరాదు.

పెద్దలను కూడా కాపాడగల కొత్త టీకాల కోసం అన్వేషణ సాగుతున్నది. క్షయజీవిలోని రెండు ప్రోటీన్లతో రూపొందిన ఎం72 అనే టీకాపై 2024లో దక్షిణాఫ్రికాలో తుది దశ పరిశోధన ప్రారంభమైంది. అటువంటి టీకా చేతికందే వరకు నూరేళ్లు దాటిన బి.సి.జి.యే పసిబిడ్డకు ఉన్న కవచం. ఆ కవచం ఎక్కడ కాపాడుతుందో, ఎక్కడ కాపాడదో తెలిసిన తల్లిదండ్రులు బిడ్డకు సకాలంలో టీకా వేయిస్తారు. ఇంట్లో రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారిని ఆసుపత్రికి తీసుకొనిపోతారు. ఈ రెండు పనులూ జరిగిన ఇంటిలోనే పసిబిడ్డ సురక్షితం.