భయం పన్నిన వల

పాఠ్యభాగ ఉద్దేశం: మానవుడు తన రక్షణకోసం చేపట్టే చర్యలు ఇతర ప్రాణుల మనుగడకు ఎట్లా ముప్పు తెస్తాయో, ఆ ముప్పును నివారించే మార్గాలేమిటో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

మానవుడు సముద్రాన్ని ఎంతగా ప్రేమించాడో అంతగా దానికి భయపడ్డాడు. రత్నాకరమని కీర్తించిన నోటితోనే దానిని మకరాలయమనీ పిలిచాడు. ఆధునిక కాలంలో ఆ భయానికి రూపంగా నిలిచినది సొరచేప. సముద్రతీరాలలో సొరచేపల కోసం వేసే వలలు ఆ భయం నుంచి పుట్టినవే.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరవాసులకు సముద్రంలో ఈత, అలలపై సర్ఫింగ్ నిత్యజీవితంలో భాగాలు. 20వ శతాబ్ది తొలి దశకాలలో అక్కడ సొరచేపల దాడులలో పలువురు మరణించారు. ప్రజల ఆందోళనను గమనించిన న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రభుత్వం 1937లో సిడ్నీ బీచ్‌ల ముందు వలలు వేయించింది. 1952లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరం, 1962లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం ఇదే మార్గాన్ని అనుసరించాయి.

సొర వల అనగానే తీరం పొడవునా కట్టిన కంచె మన మనస్సులో మెదులుతుంది. వాస్తవం వేరు. న్యూ సౌత్ వేల్స్‌లో వాడే వల పొడవు 150 మీటర్లు, ఎత్తు 6 మీటర్లు మాత్రమే. తీరానికి సుమారు అర కిలోమీటరు దూరంలో, 10 నుంచి 12 మీటర్ల లోతు నీటిలో దానిని అడుగున దించుతారు. వలకు పైన నీరు ఖాళీ, ఇరుప్రక్కలా ఖాళీ. సొరచేప దాని మీదుగానో ప్రక్కగానో తీరానికి రాగలదు. అక్కడ వలలలో పడిన సొరచేపలలో సుమారు 40 శాతం తీరం వైపున చిక్కినవే! కాబట్టి ఆ వల గోడ కాదు, ఉచ్చు. తీరం దగ్గర తిరిగే సొరచేపల సంఖ్యను తగ్గించడమే దాని పని.

ఆ ఉచ్చులో పడేవి సొరచేపలు మాత్రమే కావు. వలకు వేయి కన్నులుంటాయి. చూపు మాత్రం ఉండదు. న్యూ సౌత్ వేల్స్‌లో 2023-24 సీజన్‌లో 51 బీచ్‌ల వద్ద వేసిన వలలలో 255 ప్రాణులు చిక్కాయి. వాటిలో మనుషులకు ప్రమాదకరమని భావించే గ్రేట్ వైట్, టైగర్, బుల్ అనే మూడు జాతుల సొరచేపలు 15 మాత్రమే. మిగిలిన 240 ప్రాణుల కోసం ఆ వలలు వేయలేదు.

డాల్ఫిన్లు, తిమింగలాలు నీటిలో జీవించినా చేపలు కావు. మనవలె ఊపిరితిత్తులతో శ్వాసించే క్షీరదాలు. సముద్ర తాబేళ్ళు కూడా గాలికోసం పైకి రావలసిందే. వల దారాలలో చిక్కిన డాల్ఫిన్ పైకి రాలేక, పుట్టి పెరిగిన నీటిలోనే ఊపిరాడక మరణిస్తుంది. పెనుగులాడేకొద్దీ వల బిగుసుకొంటుంది. అనేక సొరచేపలకు కూడా ఇదే గతి. అవి ముందుకు ఈదుతూ ఉంటేనే మొప్పలకు నీరు అందుతుంది; కదలిక ఆగితే శ్వాస ఆగినట్లే. దక్షిణాఫ్రికాలోని రిచర్డ్స్ బే వద్ద అరుదైన హంప్‌బ్యాక్ డాల్ఫిన్లు ఇట్లాగే బలి అయ్యాయి. అంటార్కిటికా నుంచి ఏటా క్వీన్స్‌లాండ్ తీరం వెంట ప్రయాణించే హంప్‌బ్యాక్ తిమింగలాలు కూడా అక్కడి వలలలో చిక్కుకొంటున్నాయి.

అన్నిటికంటె విషాదకరమైనది గ్రే నర్స్ అనే సొరచేప కథ. బయటికి పొడుచుకువచ్చిన పళ్ళతో చూడటానికి భయంకరంగా ఉన్నా ఇది చేపలను తిని బ్రతికే సాధుస్వభావం గల ప్రాణి. తల్లికి రెండు గర్భాశయాలుంటాయి. ఒక్కొక్క దానిలో బలమైన పిల్ల తన తోబుట్టువులను తిని తానొక్కతే మిగులుతుంది. అందువల్ల రెండేళ్ళకొక కాన్పు, కాన్పుకు రెండే పిల్లలు. ఇంత మందంగా పెరిగే జాతిలో ఒక్క తల్లి మరణించినా ఆ లోటు తీరడానికి ఏళ్ళు పడుతుంది. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం 1984లోనే ఈ జాతికి చట్టరక్షణ కల్పించింది. ఆ ప్రభుత్వం వేయించిన వలలలోనే అది నేటికీ చిక్కుతున్నది.

చిన్నయసూరి నీతిచంద్రికలో చిత్రగ్రీవుడనే పావురాల రాజు తన పరివారంతో వలలో చిక్కుతాడు. అందరూ కలిసి వలతో సహా ఎగిరిపోగా, హిరణ్యకుడనే ఎలుక వచ్చి ఆ బంధాలను కొరికివేస్తుంది. సొర వలలో చిక్కిన తాబేలుకు హిరణ్యకుడు లేడు. వలలను పరిశీలించే పడవ ఒకసారి వచ్చి వెళ్ళిన తరువాత మళ్ళీ రావడానికి రోజులు పడుతుంది. తాబేలుకు అంత వ్యవధి ఉండదు.

అయితే మనిషి ప్రాణం విలువలేనిదా? కాదు. సొర దాడిలో బిడ్డను కోల్పోయిన తల్లి దుఃఖాన్ని ఎవరూ తేలికగా తీసుకోరాదు. వలలు వచ్చిన తరువాత ఆ బీచ్‌లలో మరణాలు బహు అరుదయ్యాయని సమర్థకులు వాదిస్తారు. కానీ ఆ కాలంలోనే తీరరక్షకుల గస్తీ, అత్యవసర వైద్యం కూడా ఎంతో మెరుగయ్యాయి. ఘనత అంతా వలకే దక్కుతుందని చెప్పలేము. పైగా వలలున్న బీచ్‌లలోనూ దాడులు జరిగాయి. అయినా భయం అంత సులభంగా తొలగదు. మూడు బీచ్‌లలో వలలను తొలగించి చూడాలనుకొన్న ప్రయత్నం, 2025 సెప్టెంబరులో సిడ్నీలో ఒక సర్ఫర్ సొర దాడిలో మరణించడంతో నిలిచిపోయింది.

వల లేకుంటే రక్షణ లేదనుకోవడం పొరపాటు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో 2004 నుంచి కొండలపై కావలివారు దుర్భిణులతో సముద్రాన్ని పరిశీలిస్తున్నారు. సొర కనిపించగానే సైరన్ మ్రోగుతుంది, తెల్లజెండా ఎగురుతుంది, ఈతగాళ్ళు ఒడ్డుకు చేరుతారు. ఆస్ట్రేలియాలో డ్రోన్లు ఆకాశం నుంచి కాపలా కాస్తున్నాయి. సొర ఎరను పట్టగానే సిబ్బందికి సంకేతం పంపే గాలాలు కూడా వచ్చాయి. సిబ్బంది త్వరగా చేరుకొని, దానికి గుర్తింపు సాధనం అమర్చి, తీరానికి దూరంగా విడిచిపెడతారు. ఈ పద్ధతులలో మనిషీ బ్రతుకుతాడు, సొర కూడా బ్రతుకుతుంది.

మన ఆంధ్ర తీరంలో ఇట్టి సొర వలలు లేవు. కానీ గుడ్లు పెట్టడానికి ఏటా మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మరపడవల ట్రాల్ వలలలో చిక్కి, నిర్జీవంగా ఒడ్డుకు కొట్టుకువస్తున్నాయి. తాబేలు బయటపడేందుకు దారి విడిచే సాధనాన్ని వలకు అమర్చితే వాటిలో అనేకం బ్రతుకుతాయి. వల ఏ దేశానిదైనా, ఏ అవసరానికి వేసినదైనా, అందులో ఏ ప్రాణి చిక్కుతుందో ఆలోచించవలసిన బాధ్యత వేసినవానిదే. సముద్రంలోకి దిగేటప్పుడు మనం మరొకరి ఇంటిలో అడుగుపెడుతున్నాము. ఆ ఇంట అతిథివలె జాగ్రత్తగా మెలగడమే మనకు తగిన రక్షణ.

కఠిన పదాలకు అర్థాలు

రత్నాకరము = రత్నాలకు నిలయమైనది, సముద్రం
మకరాలయము = మొసళ్ళకు నివాసం, సముద్రం
క్షీరదాలు = పాలిచ్చి పిల్లలను పెంచే జంతువులు
పరివారము = వెంట ఉండేవారు
దుర్భిణి = దూరాన ఉన్నవాటిని చూపే సాధనం

ప్రశ్నలు

1. సొర వలను “గోడ కాదు, ఉచ్చు” అని రచయిత ఎందుకన్నాడు?
2. గ్రే నర్స్ సొరచేప జాతి మందంగా పెరగడానికి కారణమేమి?
3. వలలు లేకుండా ఈతగాళ్ళను రక్షించే పద్ధతులను వివరించండి.
4. “వలకు వేయి కన్నులుంటాయి; చూపు మాత్రం ఉండదు” – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.