గుమ్మడికాయ అట్లు: కోలుకుంటున్న రోగికి మంచి ఫలహారం

రోగిని డిశ్చార్జి చేసే రోజున కుటుంబ సభ్యులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. “ఇంటికి వెళ్లాక ఏం పెట్టాలి సిస్టర్?” మందుల చీటీ ఎంత ముఖ్యమో, ఈ ప్రశ్నకు జవాబు కూడా అంతే ముఖ్యం.

ఆపరేషన్ అయినవారికి, జ్వరపడి లేచినవారికి, బాలింతలకు పథ్యం పేరుతో వారాల తరబడి చారన్నం, బ్రెడ్డు, జావ మాత్రమే పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఇంకా ఉంది. పప్పు తింటే పుండు చీము పడుతుందని, గుమ్మడికాయ వాతమని, గుడ్డు వేడి చేస్తుందని ఒక్కొక్కటే ఆపేస్తారు. చివరకు రోగి కంచంలో మిగిలేది పిండి పదార్థం ఒక్కటే. పుండు చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. మాంసకృత్తులు, విటమిన్లు సరిపడా అందకపోతే పుండు మానడం ఆలస్యమవుతుంది. డాక్టరు చెప్పిన పథ్యం పాటించండి. ఆ పేరుతో రోగిని పస్తు పెట్టకండి.

దసరా వెళ్లి చలిగాలి మొదలయ్యే రోజుల్లో పొద్దున్నే వేడిగా పెట్టదగిన ఒక ఫలహారం నేర్చుకుందాం.

గుమ్మడికాయలో ఏముంది?

మనం చెప్పుకునేది పులుసులో, దప్పళంలో వేసే తియ్య గుమ్మడికాయ గురించి. వడియాలు పెట్టే బూడిద గుమ్మడికాయ కాదు. దీని పసుపు రంగుకు ముఖ్య కారణం బీటా కెరోటిన్. శరీరం దీనిని విటమిన్ ‘ఎ’గా మార్చుకుంటుంది. కంటిచూపుకు, చర్మం ఆరోగ్యానికి, రోగాలను తట్టుకునే శక్తికి ఈ విటమిన్ అవసరం. కాయను ఉడికించి, కొద్దిగా నూనెతో కలిపి తింటే శరీరం దీనిని బాగా గ్రహిస్తుంది.

అయితే 100 గ్రాముల గుమ్మడికాయలో 90 గ్రాములకు పైగా నీరే. మాంసకృత్తులు సుమారు 1 గ్రాము మాత్రమే. కాబట్టి గుమ్మడికాయ ఒక్కటే చాలదు. శనగపిండి, పెరుగు, గుడ్డు కలిపితే ఆ లోటు తీరుతుంది.

అమెరికాలో అక్టోబరు, నవంబరు నెలల్లో గుమ్మడికాయ గుజ్జుతో ప్యాన్‌కేకులు చేస్తారు. మైదా, పాలు, గుడ్డు కలిపి, దాల్చినచెక్క, శొంఠి, లవంగం, జాజికాయ పొడులు వేసి, పైన మేపుల్ చెట్టు పాకం పోసుకుంటారు. రోగికి అంత తీపి వద్దు. మన పద్ధతిలో కారం తక్కువగా, మెత్తగా చేద్దాం.

కావలసినవి (8 చిన్న అట్లకు)

తొక్క, గింజలు తీసిన గుమ్మడి ముక్కలు – 250 గ్రాములు
గోధుమపిండి – 1 కప్పు
శనగపిండి లేక పెసరపిండి – పావు కప్పు
పెరుగు – అర కప్పు
గుడ్డు – 1 (తినేవారికి)
అల్లం తురుము – 1 చెంచా
జీలకర్ర – అర చెంచా
మిరియాల పొడి – పావు చెంచా
దాల్చినచెక్క పొడి – చిటికెడు
ఉప్పు – అర చెంచా
సన్నగా తరిగిన కొత్తిమీర, కరివేపాకు – కొద్దిగా
నూనె – 4 చెంచాలు

తయారుచేసే విధానం

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. కాయను కోయక ముందే కడగండి. చిన్న ముక్క నాలుకకు తాకించి చూసి ఉమ్మేయండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయండి. చేదు గుమ్మడి, చేదు సొరకాయ తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

2. ముక్కలను ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద మెత్తబడేవరకు, సుమారు 15 నిమిషాలు ఉడికించండి. గరిటెతో మెదిపి చల్లారనివ్వండి.

3. నూనె తప్ప మిగిలినవన్నీ గుజ్జులో కలపండి. కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తూ దోసె పిండి కంటే కాస్త చిక్కగా చేసి, 10 నిమిషాలు ఉంచండి.

4. పెనం వేడయ్యాక అర చెంచా నూనె రాసి, అరచేయి అంత అట్టు పోయండి. సన్నని సెగ మీద మూతపెట్టి 3 నిమిషాలు, తిరగేసి 2 నిమిషాలు కాల్చండి. విరిచి చూస్తే లోపల పచ్చిపిండి ఉండకూడదు.

5. వేడిగా ఉన్నప్పుడే పెట్టండి. గుడ్డు కలిపిన పిండిని బయట నిలువ ఉంచవద్దు.

ఎవరికి ఎలా పెట్టాలి?

ఆపరేషన్ అయినవారికి: గట్టి ఆహారం పెట్టవచ్చని డాక్టరు చెప్పిన తరువాతే. మొదటి రోజు ఒక్క అట్టు చాలు.

షుగరు ఉన్నవారికి: రెండు చిన్న అట్లు. ఆ పూట ఇడ్లీ, అన్నం అదనంగా వద్దు. బెల్లం, పంచదార కలపవద్దు. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ వేసిన తరువాత ఫలహారం ఆలస్యం చేయవద్దు.

బి.పి., గుండె జబ్బు ఉన్నవారికి: ఉప్పు సగం తగ్గించండి. పక్కన ఆవకాయ వద్దు.

కిడ్నీ జబ్బు ఉన్నవారికి: గుమ్మడికాయలో పొటాషియం ఉంటుంది. డాక్టరును అడగకుండా పెట్టవద్దు.

రక్తం తక్కువగా ఉన్నవారికి: గుమ్మడికాయలో ఇనుము తక్కువ. పిండిలో గుప్పెడు మునగాకు వేసి, తినేటప్పుడు నిమ్మరసం పిండండి. టీ గంట తరువాతే ఇవ్వండి. ఐరన్ మాత్రలు మానవద్దు.

వృద్ధులకు: అట్టును పెరుగులో నానబెట్టి, కూర్చోబెట్టి తినిపించండి. పక్షవాతం వచ్చి మింగడం కష్టంగా ఉన్నవారికి మా సలహా లేకుండా నోటికి ఏదీ పెట్టవద్దు.

చిన్నపిల్లలకు: గుమ్మడికాయ పెడుతున్నాం కదా అని 9 నెలల నుండి 5 ఏళ్ల వరకు ఇచ్చే విటమిన్ ‘ఎ’ ద్రావణం మానిపించవద్దు.

అరచేతులు పసుపైతే?

రోజూ ఎక్కువగా గుమ్మడికాయ, క్యారెట్ తినేవారికి అరచేతులు, అరికాళ్లు పసుపు రంగుకు తిరగవచ్చు. కంటి తెల్లగుడ్డు తెల్లగానే ఉంటే సాధారణంగా ఇది ప్రమాదం కాదు, తినడం తగ్గిస్తే కొన్ని వారాలలో పోతుంది. కళ్లు కూడా పచ్చబడితే అది కామెర్లకు గుర్తు. పసరు మందులతో కాలం గడపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఆగని వాంతులు, కడుపుబ్బరం, జ్వరం, కుట్ల దగ్గర ఎర్రదనం లేక చీము కనిపించినా ఆలస్యం చేయవద్దు.

ఇంట్లో అందరూ కలిసి ఆలోచించండి

1. మన రోగికి ఏయే పదార్థాలు ఆపేశాం? వాటిని ఆపమని చెప్పింది డాక్టరా, ఇరుగుపొరుగువారా?
2. నిన్న రోగి తిన్నవాటిలో పప్పు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం ఏవైనా ఉన్నాయా?
3. పసుపు లేక ఆకుపచ్చ రంగు కూర ఒక్కటైనా ఉందా?

రెండు, మూడు ప్రశ్నలకు జవాబు “లేదు” అయితే, రేపటి ఫలహారంతోనే మార్పు మొదలుపెట్టండి.