గ్రెగరీ పెక్ : పాత్రల ఎంపిక

హాలీవుడ్ కథానాయకుడు గ్రెగరీ పెక్ (1916–2003) కీర్తికి ఆయన రూపం, గంభీర స్వరం కారణమని పలువురంటారు. పాత్రల ఎంపికే ప్రధాన కారణమని మేము భావిస్తున్నాము.

‘జెంటిల్‌మన్స్ అగ్రిమెంట్’ (1947)లో ఆయన పత్రికా రచయిత. యూదులపట్ల గల ద్వేషాన్ని స్వయంగా తెలుసుకొనేందుకు తానూ యూదుడనని ప్రకటించుకుంటాడు. ఆపైన హోటలులో గది లభించదు. పరిచితుల ధోరణి మారుతుంది. దూషించేవారికన్నా, దూషణ విని మౌనం వహించే మంచివారినే ఈ చిత్రం గట్టిగా నిలదీస్తుంది. మన విద్యార్థులకు దీనిని వేరుగా వివరించనక్కరలేదు.

నాలుగు పర్యాయాలు చేజారిన ఉత్తమ నటుడి ఆస్కారు ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ (1962)తో లభించింది. నిరపరాధియైన నల్లజాతి వ్యక్తి పక్షాన వాదించి ఓడిపోయే న్యాయవాది అట్టికస్ ఫించ్ పాత్ర అది. తీర్పు అనంతరం కాగితాలు సర్దుకొని మౌనంగా వెళ్లిపోయే ఘట్టం వాదనకన్నా మిన్న. అయితే కథలో నిందితుని గొంతు స్వల్పంగానే వినిపిస్తుందన్న విమర్శ సహేతుకమే.

1968లో పెక్ అధ్యక్షతన అకాడమీ, మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియల దృష్ట్యా, ఆస్కారు ఉత్సవాన్ని రెండు రోజులు వాయిదా వేసింది. 2003లో పెక్ అంత్యక్రియలలో సంస్మరణ ప్రసంగం చేసినవారు ఆ నిందితుని పాత్రధారి బ్రాక్ పీటర్స్.