ఎలక్ట్రిక్ గిటార్‌లో ఆగని ‘జుయ్’ శబ్దం: పికప్‌లు మార్చే ముందు ఇవి చెక్ చేయండి

ఎలక్ట్రిక్ గిటార్ కొని, ఫోన్‌కి ఆడియో ఇంటర్‌ఫేస్ తగిలించి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే చాలామందికి మొదట వినిపించేది జుయ్‌మనే శబ్దమే. నాలుగు వీడియోలు చూసి ‘పికప్‌లు చెత్తవి’ అని తేల్చేసి కొత్తవి ఆర్డర్ పెట్టేస్తారు. నాకు తెలిసినవాళ్లు చూడమని తెచ్చే గిటార్లలో పికప్ నిజంగా పాడైనవి చాలా తక్కువ. తప్పు ఇంకెక్కడో ఉంటుంది. అదెక్కడో పట్టుకోవడానికి ఓ గంట, ఒక స్మార్ట్‌ఫోన్, వీలైతే ఒక మల్టీమీటర్ చాలు.

ముందు గిటార్‌ని దేనికీ కనెక్ట్ చేయకుండా వాయించండి. అప్పుడు కూడా గరగరమంటుంటే కరెంటుతో సంబంధం లేదు, స్ట్రింగ్ ఫ్రెట్‌కి తగులుతోందన్నమాట. లావు స్ట్రింగ్‌ని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీతో కలిసే చోట ఇంకో చేత్తో నొక్కి, 7 లేదా 8వ ఫ్రెట్ దగ్గర సందు చూడండి. దాదాపు 0.25 మి.మీ., అంటే ఒక విజిటింగ్ కార్డు పట్టేంత ఉండాలి. అసలు సందే లేకపోతే ట్రస్ రాడ్ కొంచెం వదులు చేయాలి. ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పొద్దు. ఈ గరగర ఆంప్‌లో వినపడకపోతే మాత్రం వదిలేయండి, దాని కోసం గిటార్ విప్పక్కర్లేదు.

స్ట్రింగ్స్‌ని చేత్తో ఆపేసినా వెనక ఎక్కడో సన్నగా గంట మోగినట్టు వినిపిస్తోందా? అది నట్ అవతల మిగిలిన స్ట్రింగ్ ముక్కలదో, ట్రెమోలో ఉన్న గిటార్ అయితే వెనక ప్లేట్ కింద స్ప్రింగులదో. నట్ పక్కన ఒక హెయిర్ బ్యాండ్ చుట్టండి, స్ప్రింగుల మధ్య చిన్న స్పాంజి ముక్క దూర్చండి. ఖర్చు పది రూపాయలు కూడా అవదు.

ఫోన్‌తో శబ్దాన్ని గుర్తుపట్టడం

కరెంటు శబ్దం అసలు ఆట. మన దగ్గర సప్లై 50 హెర్ట్జ్. కాబట్టి దాని నుంచి వచ్చే హమ్ 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది. 100 హెర్ట్జ్ అంటే జి నోట్ (98 హెర్ట్జ్) కన్నా ఓ పిసరు పైన. అమెరికాలో సప్లై 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడి హమ్ బి ఫ్లాట్‌కీ బి కీ మధ్య పలుకుతుంది. అక్కడివాళ్ల వీడియోలో వినిపించే హమ్, మీ గదిలో హమ్ వేరుగా ఉన్నాయని కంగారు పడొద్దు.

ఆండ్రాయిడ్‌లో స్పెక్ట్రాయిడ్ లాంటి ఫ్రీ యాప్ వేసి, ఫోన్‌ని స్పీకర్ దగ్గర పెట్టండి. ఫోన్ మైకులు 50 హెర్ట్జ్‌ని సరిగా పట్టవు, అందుకే 100, 150 దగ్గర గీతలు చూడండి. అవి నిటారుగా, కదలకుండా నిలబడితే శబ్దం మెయిన్స్ నుంచి వస్తున్నట్టే. అలా కాకుండా ‘టిక్ టిక్ టిర్ర్’మని ఆగి ఆగి వస్తే అది మీ ఫోనే! 2జీ సిగ్నల్ మీద ఫోన్ సెకనుకి సుమారు 217 సార్లు ముక్కలుముక్కలుగా ప్రసారం చేస్తుంది, ఆ లయ పికప్‌లోకి ఎక్కేస్తుంది. ఫోన్‌ని దూరంగా పెట్టండి, లేదా ఫ్లైట్ మోడ్ వేయండి.

ఇప్పుడు గిటార్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. శబ్దం పోయిందంటే అది గిటార్ ద్వారానే వస్తోంది. అలాగే ఉంటే అనుమానం కేబుల్, ఇంటర్‌ఫేస్, ఆంప్ మీదికి వెళ్లాలి. ముందు వేరే కేబుల్ మార్చి చూడండి.

గిటార్ నుంచే వస్తుంటే, కుర్చీలో కూర్చుని మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కులో పెరిగి ఇంకో దిక్కులో తగ్గితే, సింగిల్ కాయిల్ పికప్ చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని లాక్కుంటోంది. ట్యూబ్‌లైట్ చోక్, ఫ్యాన్ రెగ్యులేటర్, ఆంప్‌లోని ట్రాన్స్‌ఫార్మర్... ఒక్కొక్కటి ఆపుతూ వినండి. స్ట్రాట్ తరహా గిటార్లలో చాలావాటికి సెలెక్టర్ 2, 4 స్థానాల్లో పెడితే హమ్ దాదాపు పోతుంది, ఎందుకంటే అక్కడ రెండు కాయిల్స్ ఎదురెదురుగా పనిచేసి ఒకదాని హమ్‌ని ఇంకోటి కొట్టేస్తాయి. గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో పేటెంట్‌కి దరఖాస్తు చేసిన హంబకర్ సూత్రం కూడా ఇదే. మీ గిటార్‌లో ఇలా జరిగితే అందులో లోపం ఏమీ లేదు. సింగిల్ కాయిల్ స్వభావమే అంత.

వేలు పెడితే చెప్పేస్తుంది

నాకు బాగా నచ్చిన పరీక్ష ఇది. శబ్దం వస్తుండగా స్ట్రింగ్స్‌ని ముట్టుకోండి. తగ్గితే మంచిదే, స్ట్రింగ్స్ గ్రౌండ్ అయి ఉన్నాయి. లోపల షీల్డింగ్ చాలలేదంతే, రాగి ఫాయిల్ అంటించి దాన్ని గ్రౌండ్‌కి కలిపితే బాగుపడుతుంది. పెరిగితే జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయేమో చూడాలి.

ఏ మార్పూ లేకపోతే? రాజమండ్రిలో మా పిన్ని కొడుకు గిటార్‌ది సరిగ్గా ఇదే కేసు. ‘పికప్‌లు మూడూ మార్చాలి, ఎనిమిది వేలు అవుతుంది’ అన్నారట ఒక షాపులో. వాడు డబ్బు కూడగడుతున్నాడు. వీడియో కాల్‌లో స్ట్రింగ్స్ ముట్టుకోమన్నాను, తేడా లేదు. జాక్ చుట్టూ ఉన్న లోహపు ప్లేట్ ముట్టుకోమన్నాను, శబ్దం సగానికి పడిపోయింది. అంటే జాక్‌కి గ్రౌండ్ ఉంది, బ్రిడ్జికి లేదు. మల్టీమీటర్ పెడితే బ్రిడ్జికీ జాక్ స్లీవ్‌కీ మధ్య అసలు కంటిన్యుటీయే లేదు. బాగుంటే దాదాపు సున్నా ఓమ్స్ చూపించాలి. వెనక ప్లేట్ విప్పితే స్ప్రింగులు పట్టుకునే లోహపు ముక్క మీద టంకం ఊడి, వైరు వేలాడుతోంది. మొబైల్ రిపేర్ షాపులో సన్న ఐరన్‌తో అతకలేదు, ఆ ముక్క వేడినంతా లాగేస్తుంది మరి. ఫ్యాన్లు రిపేర్ చేసే ఆయన 60 వాట్ల ఐరన్‌తో ఐదు నిమిషాల్లో అతికించి యాభై రూపాయలు తీసుకున్నాడు. ఎనిమిది వేలు మిగిలాయి.

ఎర్త్ పిన్‌తో ఆటలొద్దు

లాప్‌టాప్‌తో రికార్డ్ చేసేవాళ్లు ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద వినండి. శబ్దం మాయమైతే ఛార్జరే దొంగ. రెండు పిన్నుల ఛార్జర్లలో ఫిల్టర్ కెపాసిటర్ ద్వారా కొద్దిపాటి కరెంటు లాప్‌టాప్ బాడీకి లీకవుతుంది. యూఎస్‌బీ మీదుగా అదే గిటార్ స్ట్రింగ్స్ దాకా వస్తుంది. వీలైతే మూడు పిన్నుల ఛార్జర్ వాడండి, గోడ సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత అద్దె ఇళ్లలో మూడో రంధ్రం ఉన్నా దాని వెనక వైరు లేకపోవడం మామూలే.

హమ్ పోతుందని ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరిచేసేవాళ్లున్నారు. శబ్దం ఒక్కోసారి పోతుంది కూడా. కానీ ఆంప్‌లో ఎప్పుడైనా లోపం వస్తే, పోవడానికి దారిలేని ఆ 230 వోల్టులు స్ట్రింగ్స్ మీదికి వస్తాయి. 1972లో స్టోన్ ద క్రోస్ గిటారిస్ట్ లెస్లీ హార్వే స్వాన్సీలో స్టేజీ మీదే, ఎర్త్ లేని మైక్ ముట్టుకుని చనిపోయాడు. వయసు 27. స్ట్రింగ్స్ మీద వేళ్లు జిల్లుమన్నా, మైక్‌కి పెదవి తగలగానే చురుక్కుమన్నా వాయించడం ఆపి, గిటార్‌ని, మైక్‌ని ముట్టుకోకుండా గోడ దగ్గర మెయిన్ స్విచ్ తీసేయండి. అది ఛార్జర్ లీకేజీయో, ఆంప్ లోపమో చర్మానికి తెలియదు.

రెండు ఎర్త్‌ల వల్ల వచ్చే గ్రౌండ్ లూప్ అయితే ఆంప్, లాప్‌టాప్, ఇంటర్‌ఫేస్ అన్నీ ఒకే మంచి స్పైక్ బోర్డుకి పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే ఆడియో లైన్‌లో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ పెట్టి, దాని గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. ఆ స్విచ్ తెంపేది సిగ్నల్ గ్రౌండ్‌ని మాత్రమే, ప్లగ్‌లో ఎర్త్ అలాగే ఉంటుంది.