సెల్లార్‌లో చేరిన సైకిలు

బదిలీ ఆర్డరు వచ్చిన ఇంట్లో ముందు పిల్లల బడి గురించి ఆలోచిస్తారు, ఆ తర్వాత గ్యాస్ కనెక్షన్ గురించి. సైకిలు కూడా లారీ ఎక్కుతుంది గానీ దాని సంగతి ఎవరికీ పట్టదు. భీమవరంలో సాయంత్రం ఐదయ్యేసరికి వీధిలో ఉండే పిల్ల, మియాపూర్‌లో మూడో అంతస్తు బాల్కనీ పట్టుకుని నిలబడుతుంది. సైకిలేమో సెల్లార్‌లో దుమ్ము కొట్టుకుపోతుంది. నెల తిరిగేసరికి "అంత డబ్బు పోసి కొన్నాం, ముట్టుకోవడమే లేదు" అని మన సణుగుడు మొదలవుతుంది.

సణగకండి. కొత్త టైంటేబులూ అప్పుడే వేయకండి. పాత ఊళ్లో ఆ పిల్ల సైకిలు దేనికోసం తొక్కేదో ముందు కనుక్కోండి. కొందరికి అది స్నేహితుల గుంపు. కొందరికి వేగం. ఇంకొందరికి, ముఖ్యంగా పది పన్నెండేళ్లు వచ్చిన వాళ్లకి, ఇంట్లోవాళ్లెవరూ వెంటలేని అరగంట. "అక్కడ రోజూ ఏ దారిన వెళ్లేవాళ్లమ్మా, ఎక్కడ ఆగేవాళ్లు?" అని అన్నం తింటున్నప్పుడు అడిగితే చెప్పేస్తారు. "ఎందుకు తొక్కడం లేదు?" అని నిలదీస్తే నోరు విప్పరు.

స్నేహితుల కోసం తొక్కిన పిల్లని ఒక్కదాన్నే అపార్టుమెంటు చుట్టూ తిరగమంటే అది శిక్షే. సైకిలున్న ఇంకో పిల్ల ఏ ఫ్లాటులో ఉందో వాకబు చేయండి. ఒంటరిగా తిరగాలని ఉన్నవాడికి పెరుగు ప్యాకెట్టో కొత్తిమీర కట్టో తెచ్చే పని అప్పజెప్పండి, మెయిన్ రోడ్డు దాటక్కర్లేని కొట్టు చూసి. ఎడమవైపునే వెళ్తున్నాడా, మలుపులో ఆగి చూస్తున్నాడా అన్నది మొదట్లో మీరే వెనక నడిచి గమనించండి. హెల్మెట్ పెట్టుకోవడం మీద బేరాల్లేవు. ఔటర్ రింగు రోడ్డు వెంట 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు బాగానే ఉంటుంది, పైన సోలార్ పలకల నీడ కూడా. కానీ కారేసుకుని వెళ్లాల్సిన ఇళ్లకి అది ఆదివారం ముచ్చటే. రోజువారీ అలవాటు మన గేటు దగ్గరే మొదలవ్వాలి.

సెల్లార్ ర్యాంపు మీద మాత్రం తొక్కనివ్వొద్దు. కిందికి దిగే జోరులో ఎదురొచ్చే కారు కనపడదు. వానాకాలం మరీ ప్రమాదం: రిమ్ము తడిస్తే బ్రేకు వెంటనే పట్టదు. మాటలతో చెబితే పిల్లలు నమ్మరు. చదునైన చోట మగ్గుతో చక్రాల మీద నీళ్లు పోసి, నెమ్మదిగా తొక్కి బ్రేకు వేయమనండి. పొడిగా ఉన్నప్పుడు ఎక్కడ ఆగింది, ఇప్పుడు ఎక్కడ ఆగింది, సుద్దముక్కతో వాళ్లనే గీతలు గీయమనండి.

సైకిలు మూలపడటానికి అన్నిసార్లూ ఊరే మారక్కర్లేదు. మార్చిలో ఒంటిపూట బడులు వస్తే మధ్యాహ్నమంతా ఖాళీయే గానీ బయట ఎండ మండిపోతుంటుంది. పదో తరగతి స్టడీ అవర్లు మొదలైతే సాయంత్రమన్నదే ఉండదు. తాతయ్య ఆసుపత్రిలో ఉంటే పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే మనిషి దొరకరు. అప్పుడు గంట కాస్తా పావుగంటైనా కంగారొద్దు. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకి రోజుకి 60 నిమిషాల వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారం మొత్తం మీద సగటు లెక్క. బళ్లో ఆడే కబడ్డీ కూడా అందులోదే.

నెలల తరబడి ఆగిన సైకిలుని మళ్లీ తీస్తే గాలి, చైను అందరూ చూస్తారు, సీటు ఎత్తు మర్చిపోతారు. ఈలోగా పిల్లలు పొడుగవుతారు కదా. పెడల్ బాగా కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటే చాలు, ముడుచుకుపోతుంటే సీటు లేపాలి. సీటు రాడ్డు మీద ఒక గీత ఉంటుంది, అది బయటికి కనిపించేదాకా లేపాల్సి వచ్చిందంటే సైకిలే చిన్నదైపోయినట్టు.

ఎంత చెప్పినా దిగనంటే కొన్నాళ్లు వదిలేయండి. వాచ్‌మన్ వాళ్లబ్బాయి ఒక్క రౌండు అడిగితే, మీ అమ్మాయిని అడిగి ఇవ్వండి. చాలాసార్లు రెండో రౌండుకి "నా సైకిలు నాకిచ్చెయ్" అంటూ తనే కిందికొస్తుంది.