ఉగాదికి రా తల్లీ

మాఘంలో కోసిగి పక్క ఒక ఊరికి పోయినా. గృహహింస మీద అవగాహన సదస్సు. ఫ్లెక్సీ కట్టినారు, మైకు పెట్టినారు, కుర్చీలు వేసినారు. వినేదానికి మనుషులేరీ? ఇంటింటికీ తాళం. అరుగు మీద ఇద్దరు అవ్వలు, వాళ్ల ఒళ్లో మనవళ్లు. ఊరంతా గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేదానికి సుగ్గికి, అంటే పనుల కాలం వలసకు, పోయింది. "ఉగాదికి రా తల్లీ, అప్పుడుంటారు" అనింది ఒక అవ్వ.

నవ్వొచ్చింది గానీ, అవ్వ చెప్పింది నిజం. సుగ్గికి పోయిన ఆడది దెబ్బ తినేది ఎవరిదో చేనులో, గుడిసెలో. అడ్డం వచ్చే అన్నో తమ్ముడో లేడు. కూలి బయానా మొగుడు ఎప్పుడో తీసుకునుంటాడు. "స్టేషన్‌కు పో" అంటే "మా స్టేషన్ కోసిగిలో కదా అక్కా" అంటుంది. ఆమెకు చెప్పాల్సిన మాట వేరే ఉంది: 2005 గృహహింస చట్టం కింద, పనికి పోయి తాత్కాలికంగా ఉన్న చోటి కోర్టులో కూడా అర్జీ పెట్టుకోవచ్చు. ఆ మాట ఏ ఫ్లెక్సీ మీదా నాకు కనపడలే.

ఎమ్మిగనూరు మగ్గాల ఇండ్లలో ఇంకో కథ. ఆమె కండెలు చుడుతుంది, మజూరీ ఆయన చేతికొస్తుంది. పని ఇంట్లోనే, దెబ్బ ఇంట్లోనే. గడప దాటితే మళ్లీ రానిస్తారో లేదో అని భయం. పట్టా ఎవరి పేరు మీదున్నా ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకుందని ముందు చెప్పాల. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయమంటాం సరే, ఆ ఫోన్ మొగుని జేబులో ఉంటే? ఆదోనిలో ఉర్దూ వీధులున్నాయి, హొళగుంద పక్క కన్నడం మాట్లాడే ఇండ్లున్నాయి. అక్కడికి మన తెలుగు కరపత్రం మోసుకుపోతే ఏం లాభం?

దేవరగట్టు బన్ని ఉత్సవంలో కర్రలు లేస్తాయని ప్రతి దసరాకూ వందల మంది పోలీసులొస్తారు, వైద్య శిబిరం పెడతారు. తలుపు చాటున లేచే కర్రకు అంత ఏర్పాటు ఎప్పుడు చూసినాం?

మైకు ముందు చెప్తేనే అవగాహన వస్తుందా? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది ఉపన్యాసాలు విని కాదు. రాత్రిబడి వాచకంలో తమ బతుకులాంటి కథే చదువుకున్నారు. ఆ పోరాటంతోనే 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

సదస్సు పెట్టే సార్లూ, మేడమ్‌లూ, ఉగాదికి రండి. సాయంత్రం, పొయ్యి ముట్టించక ముందు రండి. మైకు వద్దు, మాతో పాటు అరుగు మీద కూర్చోండి.