చెక్కునకు గడువెంత?

చెక్కును రొక్కముతో సమానముగా నెంచి పెట్టెలో దాచుకొనుట మన గ్రామములందు తఱచుగా కానవచ్చు పొరపాటు. చెక్కు రొక్కము కాదు. “నా ఖాతానుండి ఇంత మొత్తము ఇతనికి చెల్లింపుడు” అని బ్యాంకునకు వ్రాసియిచ్చిన ఉత్తరువు మాత్రమే. ఆ ఉత్తరువునకు గడువు గలదు. దానిని గూర్చి సభ్యులకు తెలుపుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

పూర్వము చెక్కులు ఆరు నెలల వఱకు చెల్లుచుండెను. కొందఱు ఈ గడువును ఆసరా చేసికొని చెక్కులను చేతులు మార్చుచు రొక్కమువలె వాడుచుండుటచే, రిజర్వు బ్యాంకువారు 2011 నవంబరులో ఉత్తరువు చేసి, 2012 ఏప్రిలు 1వ తేదీనుండి గడువును మూడు నెలలకు తగ్గించిరి. బ్యాంకు డ్రాఫ్టులకును, పే ఆర్డరులకును ఇదియే నియమము.

ఈ మూడు నెలలు ఎన్నటినుండి లెక్కింపవలెను? చెక్కుపై వ్రాసిన తేదీనుండియే గాని, అది మన చేతికి వచ్చిన దినమునుండి కాదు. ఇచ్చటనే రైతులు మోసపోవుచున్నారు.

మాదాపురమున 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుండి హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతములు నగరమైపోయినవి. వాని ప్రభావము శంకరపల్లి, చేవెళ్ల వైపునకును ప్రాకి, అచ్చటి భూములు చేతులు మాఱుచున్నవి. అచ్చటి రైతొకడు అరయెకరము విక్రయించెననుకొందము. కొనువాడు జూన్ 5వ తేదీ వేసిన చెక్కును జూలై 20న చేతికిచ్చెను. నాట్లు, కలుపులు ముగించుకొని రైతు అక్టోబరు 10న బ్యాంకునకు పోయెను. తాను పుచ్చుకొని మూడు నెలలు కాలేదని అతని లెక్క. కాని చెక్కు సెప్టెంబరు మొదటివారముననే కాలాతీతమైనది. బ్యాంకువారు దానిని త్రిప్పి పంపుదురు.

ఇంతమాత్రమున బాకీ రద్దు కాదు. కొనువాడు క్రొత్త చెక్కు ఇయ్యవలసినదే. అతడు యోగ్యుడైన చిక్కు లేదు. కానిచో రైతునకు గొప్ప ఆయుధ మొకటి చేజాఱినట్లే. ఎట్లనగా, ఖాతాలో సొమ్ము లేక చెక్కు మరలివచ్చినచో, 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము 138వ సెక్షను క్రింద క్రిమినలు ఫిర్యాదు చేయవచ్చును. నేరము రుజువైనచో రెండేండ్ల వఱకు ఖైదుగాని, చెక్కు మొత్తమునకు రెండింతల వఱకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. అయితే చెక్కును గడువులోపలనే బ్యాంకునకు చూపియుండవలెను. చెక్కు మరలినట్లు బ్యాంకు తెలిపిన 30 దినములలో వ్రాతమూలకముగ నోటీసు ఇయ్యవలెను. అది అందిన 15 దినములలో సొమ్ము చెల్లింపనిచో, ఆపై ఒక నెలలోపల ఫిర్యాదు దాఖలు చేయవలెను. కాలాతీతమైన చెక్కుతో ఈ మార్గము మూసికొనిపోవును. సివిలు దావాయే శరణ్యము.

ముందు తేదీ వేసిన చెక్కు ఆ తేదీ రాకమునుపు చెల్లదు. దాని గడువు ఆ తేదీనుండియే మొదలగును.

కావున సభ్యులు ఈ సంగతులను గుర్తుంచుకొనవలెను:

1. చెక్కు పుచ్చుకొనునపుడే తేదీ, పేరు, అంకెలలోను అక్షరములలోను మొత్తము, సంతకము చూచుకొనవలెను.

2. తేదీ పాతదైనచో అప్పుడే క్రొత్త చెక్కు కోరవలెను. తేదీని స్వయముగా దిద్దరాదు, అది నేరమగును.

3. ఒకటి రెండు దినములలో ఖాతాలో జమకిచ్చి, బ్యాంకు ముద్రతో రసీదు పొందవలెను.

4. భూమి విక్రయించునపుడు, సొమ్ము ఖాతాలో పడినదని తెలిసినపిమ్మటనే రిజిస్ట్రేషను పత్రముపై సంతకము చేయవలెను.

2018 మే నెలలో రైతుబంధు మొదటి విడత సాయము, ఎకరమునకు 4000 రూపాయల చొప్పున, చెక్కులుగనే పంచబడెను. నాడు చెక్కు ఊరూర రైతుల చేతికి వచ్చినది. అక్షరము రాని సభ్యుడు చెక్కుతో వచ్చినపుడు, దానిపై తేదీని చదివి వినిపించి, గడువు ముగియు దినమును తెలుపవలసినదిగా సంఘ కార్యదర్శులను కోరుచున్నాము. ఈ చిన్న సాయము ఒక కుటుంబపు భూమి వెలను కాపాడగలదు.